పసుపు పొట్లం ఉన్న సర్వర్

తైపీ నదిలో బాబాయ్ యెన్ శవం తేలిన పూటే పెయ్‌జెన్‌కు కబురు వచ్చింది.

"చింగ్యా డ్యామ్ కంప్యూటర్లలో ఒకదానికి శత్రువులు దొంగ ప్రోగ్రామ్ ఎక్కించారు," అన్నాడు చీఫ్ తూ. "ఈ తుఫానులో గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. కింద ఊళ్లు కొట్టుకుపోతాయి. యెన్ ఆ రహస్యం తవ్వుతూనే పోయాడు."

ఏజెంట్ పెయ్‌జెన్ పళ్లు కొరికింది. "బాబాయ్ పోయిన వారమే మొత్తుకున్నాడు. ముసలాడికి చాదస్తం అని నవ్వారు మీరు!"

"కోపం తర్వాత. ముందు ఆ మెషిన్ పట్టుకో. అక్కడ వివియన్ తాంగ్ మన మనిషే, సాయం చేస్తుంది."

ఏసీ మెకానిక్ వేషంలో పెయ్‌జెన్ డ్యామ్ సర్వర్ గదిలోకి అడుగుపెట్టింది. విదేశాల్లో పెరిగిన వివియన్ ఎర్ర హైహీల్స్ మీద ఒయ్యారంగా ఎదురొచ్చింది.

"అన్నీ స్కాన్ చేశా. క్లీన్," అంది మెల్లగా.

పెయ్‌జెన్ వరసలు చూసుకుంటూ నడిచింది. ప్రతి మెషిన్ మీదా ఆకుపచ్చ చిరుతిండి పొట్లం. అది ఉన్నంత కాలం మెషిన్ పచ్చ లైటు ఆరదని ఇక్కడ అందరి నమ్మకం. దాన్ని ఎవరూ తినరు, కదపరు. చివరి వరసలో ఒకదాని మీద మాత్రం పసుపు పొట్లం. పసుపు లైటంటే మెషిన్‌కు జబ్బు. తాగినవాడు కూడా ఆ పని చేయడు.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే. పాతది నలిగిపోయింది. తినేదేగా, ఏ రంగైతేనేం?"

పక్కనున్న ఆపరేటర్ నెత్తి కొట్టుకున్నాడు. "పసుపా! మేడమ్, మీరు అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా?"

మెషిన్ మూత తెరవకుండా ఉత్త స్కాన్ చేస్తే పైనున్న పొట్లం ఎందుకు నలుగుతుంది? పెయ్‌జెన్ మూత ఊడదీసి డిస్క్ లాగేసింది.

వెనక పిస్తోలు క్లిక్‌మంది. "ఆలస్యం చేశావు, చెల్లీ," నవ్వింది వివియన్. "ప్రోగ్రామ్ ఎప్పుడో డిస్క్‌లోంచి మెమరీలోకి ఎక్కేసింది. ఇక ఆ డిస్క్ నువ్వే ఉంచుకో."

బయట సైరన్ మోగింది. గేట్లు కదిలాయి.

"బాబాయిని చంపింది నువ్వేనా?"

"ఊరికే ప్రశ్నలు వేసేవాడు."

పెయ్‌జెన్ కళ్లు నిప్పులు కురిశాయి. పనిముట్ల పెట్టె ఎత్తి వివియన్ మొహాన విసిరింది. గురి తప్పిన తూటా ఏసీని చీల్చింది. ఆ క్షణంలోనే పెయ్‌జెన్ మెషిన్ వెనక్కి దూకి, కరెంటు తీగలు రెండూ గుప్పిట పట్టి ఒక్క గుంజు గుంజింది.

మెషిన్ చచ్చింది. జానెడు లేచిన గేట్లు అక్కడే ఆగిపోయాయి.

"కరెంటు పోతే మెమరీకి ఏదీ గుర్తుండదు," వివియన్ చేతులు వెనక్కి విరిచి కడుతూ అంది పెయ్‌జెన్. "డిస్క్ మరిచిపోదు. నేనూ మరిచిపోను."

ఫోన్ మోగింది. చీఫ్ తూ.

"శభాష్! మంత్రిగారు వివరాలు అడుగుతున్నారు. టెక్నికల్‌గా ఏం చెప్పను?"

"ప్లగ్ పీకానని చెప్పండి సార్. ఆ మాటైతే మీ ఇద్దరికీ అర్థమవుతుంది."