అర మిల్లీమీటరు

ఇరవై ఆరేళ్ల పనితనాన్ని ఒక కాగితం కొట్టిపారేసింది. యజమాని కాగితాన్ని నమ్మాడు, లోహం కోసే మిల్లింగ్ మేస్త్రిని నమ్మలేదు. జరిగింది అన్యాయం.

మేస్త్రి ఆ రిపోర్టును డిటెక్టివ్ బల్ల మీద పెట్టాడు. ఒకప్పుడు లెక్కలు చెప్పిన మనిషి కావడంతో డిటెక్టివ్‌ను అందరూ మాస్టారనే పిలుస్తారు.

"ఇరుసు మీద తిరిగే కామ్ అది, గుడ్డు ఆకారంలో ఉంటుంది. వంపు పొడవునా అర మిల్లీమీటరు ఎక్కువ కోసేశానట. దాన్ని పక్కన పడేశారు. నన్నూ అంతే."

"కొలిచిందెవరు?"

"నా బావమరిది. మా ఆవిడ బతికుండగా అడిగితే వాణ్ణి కొలతల గదిలో పెట్టించింది నేనే."

"ఇప్పుడు మీకేం కావాలి?"

"ఉద్యోగం కాదు. నా చెయ్యి తప్పలేదని వాళ్ల నోటితో అనాలి."

మాస్టారు రిపోర్టు చదివాడు. "మధ్య రంధ్రం కూడా మిల్లీమీటరు పెద్దదని ఉందే?"

"అది నా పని కాదు. వేరే మిషను, వేరే మనిషి."

మర్నాడు మాస్టారినీ ఆయన అసిస్టెంటునూ కొలతల గది గుమ్మంలోనే బావమరిది ఆపాడు. "చెప్పులు విప్పండి. దుమ్ము పడితే కొలత తప్పుతుంది."

"దుమ్ము వల్లేనా, మనిషి వల్ల తప్పదా?" అన్నాడు అసిస్టెంటు. రిటైరైన హెడ్ కానిస్టేబుల్ అతను, మాస్టారంటే ప్రాణం.

రాతిబల్ల పైన సన్నటి పుల్ల, దాని కొసన ఎర్రటి పూస. ఆ పూస లోహాన్ని తాకిన చోటల్లా కంప్యూటరు వంపు గీస్తుంది. తెర మీద "పూస 2 మి.మీ." అని ఉంది. పూసల పెట్టెలో మూడు మిల్లీమీటర్ల గడి ఖాళీ.

"కామ్‌ను కొలిచింది ఈ పూసతోనేనా?"

"దీంతోనే. మూడుది అంతకుముందే విరిగింది."

మాస్టారు యజమానినీ మేస్త్రినీ పిలిపించాడు. పక్కన పడేసిన కామ్ రంధ్రంలోకి దాని ఇరుసు దూర్చి యజమాని చేతికిచ్చాడు.

"ఊపండి. మిల్లీమీటరు వదులుంటే గలగలలాడాలి."

చప్పుడు రాలేదు.

"కంప్యూటరుకు తెలిసేది పూస నడిమి చుక్క. అక్కణ్ణించి పూస మందంలో సగం లెక్కేసి లోహం అంచు చెబుతుంది. రిపోర్టు అడుగున చూడండి, పూస మూడు అని ఉంది. తాకింది రెండుది. అందుకే ప్రతిచోటా అంచును అర మిల్లీమీటరు లోహం లోపలికి చూపించింది. వంపు అరిగింది, రంధ్రం పెరిగింది, కాగితం మీద."

"కోసే కట్టరు సైజు తప్పినా వంపంతా అలాగే తగ్గుతుంది" అన్నాడు బావమరిది.

"వంపు వరకు సరే. వేరే మిషన్లో చేసిన రంధ్రం సంగతేమిటి? తప్పు తెలిసి తెరమీద రెండుకు మార్చావు. కామ్‌ను మాత్రం మళ్లీ బల్ల ఎక్కించలేదు."

బావమరిది తల దించుకున్నాడు. "పూస విరగ్గొట్టిందీ నేనే, లెక్క మార్చడం మరిచిందీ నేనే. తెలిస్తే నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను బావా."

"అందుకని నాది తీశావు."

యజమాని గొంతు సవరించుకున్నాడు. "రేపే పనిలోకి వచ్చెయ్ మేస్త్రీ."

"ముందు ఆ మాట అనండి."

"నీ చెయ్యి తప్పలేదు."

"తలుపు తీసి అనండి. వర్క్‌షాపంతా వినాలి."

యజమాని తలుపు తీసి అన్నాడు. మేస్త్రి చెప్పులు తొడుక్కున్నాడు.

"పనికి రాను."

"బావా, అక్క ఉండుంటే..."

"మీ అక్క మాట నీ నోట రాకూడదు. ఈ సంగతి ఇక నా నోట రాదు."

దారిలో అసిస్టెంటు ఉండబట్టలేక అడిగాడు. "కోపం తగ్గిందా మేస్త్రీ?"

మేస్త్రి బదులివ్వలేదు. ఆ తర్వాత ఎవరడిగినా ఇవ్వలేదు.