ఊపిరి మందు

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి పసిపిల్లల డాక్టరమ్మ నేలమీద పడి ఉంది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఒక్కటే. ఆమెతో పాటు ఎక్కిన తెల్లకోటు మనిషి మధ్య అంతస్తులోనే దిగిపోయాడు.

ఆమె తమ్ముణ్ని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అందరూ చీమ అంటారు, ఎంత సన్నటి సందులోంచైనా దూరిపోతాడని. అక్కను కాటికి సాగనంపి నేరుగా వచ్చి చీఫ్ ముందు నిలబడ్డాడు.

"ఈ కేసు నీకివ్వను. పగ పట్టినవాడికి గురి కుదరదు," అన్నాడు చీఫ్.

"పగ లేనివాడికి నిద్ర పడుతుంది సార్. నాకు పట్టట్లేదు. చెప్పండి."

చీఫ్ నిట్టూర్చి ఒక ఫోటో ముందుకు తోశాడు. వెండిజుట్టు, బంగారు ఫ్రేము కళ్ళజోడు.

"ప్రొఫెసర్ అంటారు వీణ్ని. విదేశీ ముఠా. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తులు తెరుచుకోక అంటుకుపోతాయి. వాటిని విప్పే మందు ప్రపంచమంతా వీళ్ళే అమ్ముతున్నారు, వీళ్ళు చెప్పిందే ధర. మీ అక్క అలాంటి మందే చవగ్గా తయారుచేసింది. ట్రయల్‌లో పిల్లలు బతుకుతున్నారు. అదీ ఆమె చేసిన నేరం."

"ఇప్పుడేం చేయబోతున్నారు?"

"రేపు సేఫ్టీ కమిటీ వార్డు చూడ్డానికొస్తుంది. మీ అక్క మందు ఎక్కించగానే వాళ్ళ కళ్ళెదుటే ఒక బిడ్డ పోతే? ట్రయల్ అక్కడితో ఆఖరు. ప్రొఫెసర్ ఆ కమిటీ మెంబరుగానే దిగుతున్నాడని నెమలి కబురు. విషంతో సహా పట్టుకో. కానీ ప్రాణాలతో కావాలి. మిగతా ముఠా పేర్లన్నీ వాడి నోట్లోనే ఉన్నాయి."

"ఒట్టెయ్యమంటారా?"

"వద్దు. నువ్వు ఒట్టు తప్పడం నేను చూడలేను."

నెమలి మందుల కంపెనీ ప్రతినిధిగా తిరిగే అందగత్తె. ముఠా జీతం తీసుకుంటూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు మోస్తుంది. అసలు ఆమె ఎవరి మనిషో చీఫ్‌కే పూర్తిగా నమ్మకం లేదు.

మర్నాడు పొద్దున వార్డులో నీలం యూనిఫాం వేసుకున్న ఇంక్యుబేటర్ మెకానిక్ ఒకడు కనిపించాడు. అతని చేతిలో స్క్రూడ్రైవర్. పిడి నొక్కితే మత్తుసూది బయటికొస్తుంది.

గాజుపెట్టెలో అరచేతంత ఆడపిల్ల. నోట్లో గొట్టం. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి దిగబడుతోంది.

"అన్నా, పెట్టె చెడిపోయిందా?" తల్లి అడిగింది.

"లేదమ్మా. చెడిపోకుండా చూస్తున్నా."

కమిటీ వచ్చింది. మాస్కు కట్టినా దాగని కాటుక కళ్ళతో ఒకామె అతని పక్కన ఆగింది.

"పాప పాలు తాగిందా?"

"తాగి కక్కింది కూడా."

కోడ్ సరిపోయింది. "సిరంజి మార్చేశాడు," అని గొణిగి, నెమలి తలుపు వైపు జరిగింది.

"ఈ డోసు నేనే ఇస్తాను. డాక్టరమ్మ జ్ఞాపకంగా," అన్నాడు ప్రొఫెసర్, గొంతులో బాధ ఒలకబోస్తూ.

చీమ వాడి వెనక్కి చేరేలోపే ప్రొఫెసర్ సిరంజిని గొట్టానికి తగిలించేశాడు. బొటనవేలు పిస్టన్ మీద ఉంది. వాడి తెల్లటి మెడ మత్తుసూదికి జానెడు దూరంలో ఉంది. ఒక్క పోటు చాలు. కానీ వాడు ముందుకు కూలితే వాడి బరువుకే విషమంతా బిడ్డ ఛాతీలోకి దిగుతుంది.

స్క్రూడ్రైవర్ నేలమీద పడింది. చీమ రెండు వేళ్ళతో గొట్టాన్ని నొక్కిపట్టాడు. మానిటర్ కూత పెట్టింది. పిస్టన్ కదల్లేదు. రెండో చేత్తో సిరంజిని మెలితిప్పి లాగేసి గొట్టాన్ని వదిలాడు. తల్లి కెవ్వుమంది.

ప్రొఫెసర్ తలుపు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ నెమలి పిస్టల్ పట్టుకుని నిలబడింది.

"వచ్చేటప్పుడే కాదు డాక్టర్, పోయేటప్పుడూ చేతులు కడుక్కోవాలి."

నర్సు కొత్త ఆంపుల్ విరిచి అసలు మందు ఎక్కించింది. అందరూ చూస్తుండగానే పాప పక్కటెముకలు సర్దుకున్నాయి. నీలి పెదవుల్లోకి గులాబీరంగు పాకింది. తల్లి ఏడుస్తూ గాజుకు నుదురు ఆనించింది. అక్క ఉంటే ఇప్పుడు ఏం చేసేదో చీమకు తెలుసు. కళ్ళు తుడుచుకుని పక్క బిడ్డ దగ్గరికి నడిచేది. అతను మాత్రం ఆక్సిజన్ సిలిండర్ల గదిలోకి నడిచాడు.

అక్కడ ప్రొఫెసర్‌ను కుర్చీకి కట్టేశారు. "లాయర్ వచ్చేదాకా నోరు విప్పను," అన్నాడు నవ్వుతూ.

చీమ రెండు జేబుల్లోనూ చేతులు పెట్టుకుని వాణ్నే చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఒక సిరంజి తీసి, వాడి చేతికి పొడిచి, ఆఖరి చుక్కదాకా ఎక్కించాడు.

"ఏంటది?"

"పాపకు ఏం తెచ్చావో నీకే తెలియాలి. లిఫ్టులో మా అక్కకు ఎంతసేపు పట్టింది?"

వాడి నవ్వు ఆరిపోయింది. నుదుట చెమట. ఊపిరాడట్లేదని పెనుగులాడాడు. విరుగుడు బ్యాగులో ఉందని, ఇమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ముందు పేర్లు."

చెప్పాడు. ముఠా నాయకులు, వాళ్ళ బ్యాంకులు, ఫ్యాక్టరీలు, డాక్టరమ్మను చంపమన్న గొంతు, చంపిన తన చెయ్యి, అన్నీ కక్కేశాడు. నెమలి రికార్డర్ అంతా మింగింది. ఆఖరి పేరు చెప్పి వాడు స్పృహ తప్పాడు.

చీఫ్ రొప్పుతూ లోపలికొచ్చాడు. "చంపేశావా?"

"ఉప్పునీళ్ళు సార్. ట్రయల్స్‌లో ఇలాంటి ఉత్తుత్తి మందును ప్లాసిబో అంటారు. నమ్మితే బాగా పనిచేస్తుంది."

"మరి విషం సిరంజి ఏది?"

చీమ రెండో జేబులోంచి తీసి చాచాడు.

"తొందరగా తీసుకోండి సార్. వాడింకా బతికే ఉన్నాడు."