ఉప్పునీటి అడుగున మిగిలిన దుంప

హేమగిరి రాజ్యంలో అంతఃపురం దీపాలు వెలగడం మానేశాయి. వేటకు వెళ్ళిన యువరాజు చిత్రసేనుణ్ణి ధూమ్రాక్షి అనే రాక్షసి మట్టిబొమ్మగా మార్చింది. బొమ్మ పాదాల దగ్గర పుట్టిన పగులు రోజురోజుకూ పైకి పాకుతోంది.

"అది గుండెను తాకేలోగా రాక్షసి తోటలోని సంజీవదుంప పిండితో జిగురు కాచి పూయాలి. లేదంటే యువరాజు మీకు దక్కడు," అన్నాడు కొండగుహలోని ముని.

యువరాజు చెల్లెలు రత్నప్రభ వెంటనే గుర్రమెక్కింది. ముళ్ళడవిలో గుర్రం కుంటుపడితే కాలినడకన సాగింది. పొగలు కక్కే వాగును తీగ పట్టుకుని దాటింది. అవతలి గట్టున ధూమ్రాక్షి తన తోటలోని బంగాళాదుంపలు గుట్టగా పోసి కూర్చుంది.

"కొన్ని ఉడికితే గట్టిగా నిలుస్తాయి, కొన్ని పొడిపొడిగా రాలతాయి. అన్నిటికన్నా పిండి ఎక్కువున్నదే సంజీవదుంప. కోయకుండా, ఉడికించకుండా ఒక్కటి తియ్యి. అదే అయితే పట్టుకుపో. తప్పావో, నువ్వూ బొమ్మవే," అంది రాక్షసి.

రత్నప్రభ గుట్టంతా తిరగేసి చూసింది. దుంపలన్నీ ఒకే రంగు. తరిగిన దుంపలను నీళ్ళలో వేస్తే తెల్లటి పిండి అడుగుకు దిగడం ఆమెకు గుర్తొచ్చింది. పిండి నీటికన్నా బరువు. మరి పిండి ఎక్కువున్న దుంప?

ఆమె అక్కడున్న తొట్టిని నీటితో నింపి దుంపలు వేసింది. అన్నీ మునిగిపోయాయి.

"అయిపోయిందా నీ తెలివి?" అని రాక్షసి దగ్గరకు జరిగింది.

రత్నప్రభ దారిబత్తెం మూటలోని ఉప్పు పిడికెడు కలిపింది. నీరు బరువెక్కి, పిండి తక్కువున్న ఒక దుంప పైకి తేలింది. మరో పిడికెడు వేసింది. ఇంకొన్ని తేలాయి. మూటలో ఉప్పు అడుగంటింది. అడుగున ఇంకా రెండు దుంపలున్నాయి. రాక్షసి గోళ్ళు ఆమె భుజాన్ని తాకాయి. రత్నప్రభ గుడ్డకంటిన ఉప్పు కూడా దిగేలా మూటను నీళ్ళలో పిండేసింది. ఒక దుంప మెల్లగా కదిలి పైకి లేచింది.

అడుగున మిగిలినదాన్ని ఆమె తీసి పట్టుకుంది. ధూమ్రాక్షి ముఖం నల్లబడింది. ఆడిన మాట తప్పితే తన మాయ తనకే తగులుతుంది. అందుకే దారి వదిలింది.

రత్నప్రభ కోట చేరేసరికి పగులు బొమ్మ రొమ్ముకెక్కి, గుండెకు వేలెడు దూరంలో ఉంది. దుంప తురిమి, నీళ్ళలో పిండి దిగనిచ్చి, చిక్కటి జిగురు కాచి, వేళ్ళు కాలుతున్నా ఆగకుండా పూసింది. పగులు మూసుకుంది. మట్టి కింద ఊపిరి కదిలింది.

"ప్రభా, నీ చేతులేమిటే ఇలా బొబ్బలెక్కాయి?" అన్నాడు చిత్రసేనుడు.

ఆమె అప్పుడు ఏడ్చింది. పట్టాభిషేకం నాడు అతడు చెల్లెల్ని తనతో పాటు సింహాసనం మీద కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి హేమగిరిని చాలాకాలం చల్లగా ఏలారు.