శనివారం పొట్లంలో నల్లవి

తివాచీ సగం తడిసేసరికి అమ్మ వచ్చి ముమ్మో చేతిలోంచి బ్రష్ లాక్కుంది.

“నువ్వు కూర్చో అమ్మా. ఇందాక కడిగేసినదానికే మళ్లీ సబ్బు రాస్తున్నావు.”

“నా తివాచీ. నా... సబ్బు,” అంది ముమ్మో.

హిల్లా నీళ్ల పైపు పట్టుకుని ఇద్దరినీ చూస్తోంది. ముమ్మో అంటే హిల్లాకి అమ్మమ్మ. ఫిన్లాండ్‌లో వేసవి రాగానే సరస్సు ఒడ్డున ఉన్న ఈ రేవుకి ఊరంతా గుడ్డపేలికల తివాచీలు మోసుకొస్తుంది. చెక్క బల్లల మీద పరిచి, పైన్ చెట్టు వాసన వేసే సబ్బుతో రుద్ది, కొయ్యల మీద ఆరేస్తారు. వాటిలో ముమ్మో మగ్గం మీద నేసినవే ఎక్కువ. ఊళ్లో ఎవరింటికి వెళ్లినా కాళ్ల కింద ముమ్మో నేత తగులుతుంది.

అలాంటి ముమ్మోని ఇప్పుడు బెంచీ మీద కూర్చోబెట్టేశారు.

ఫిబ్రవరిలో ముమ్మోకి స్ట్రోక్ వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది. ఆసుపత్రిలో ఉండి, వ్యాయామాలు చేసి, చెయ్యి చాలావరకు తెచ్చుకుంది. మాట మాత్రం నెమ్మదించింది. ఒక పని తర్వాత ఏ పని చెయ్యాలో ఒక్కోసారి తోచదు.

“పొద్దున మాత్రలు వేసుకున్నావా?” అమ్మ అడిగింది.

“వేసుకున్నా.”

“నిజంగా?”

ముమ్మో సరస్సు వైపు తిరిగింది. అమ్మ నిట్టూర్చి, ఇంకో తివాచీ తేవడానికి కారు దగ్గరికి వెళ్లింది.

ఆ ‘నిజంగా?’ అన్న మాటకి హిల్లాకి ఒళ్లు మండింది. పైపు కట్టేసి ముమ్మో పక్కన కూర్చుంది. జేబులోంచి కాగితం పొట్లం తీసింది.

శనివారం మిఠాయిల రోజు. వారానికి ఒక్క పొట్లం. హిల్లాకి కప్ప ఆకారపు ఎర్ర మిఠాయిలు, తాళ్లలా సాగే పుల్లటివి ఇష్టం. కానీ వసంతం నుంచి ఆమె పొట్లంలో సగానికి పైగా నల్లవే ఉంటున్నాయి. అవి సల్మియాక్కి. అతిమధురంతో చేసిన ఉప్పటి నల్ల బిళ్లలు. అవంటే ముమ్మోకి ప్రాణం.

ముమ్మో నాలుగు బిళ్లలు తీసుకుని రెండు ఒకేసారి నోట్లో వేసుకుంది.

“మీ అమ్మ... పోలీసుల్లో చేరాల్సింది,” అంది బుగ్గ ఉబ్బించి.

“చేరితే మనిద్దరం ఈపాటికి జైల్లో ఉండేవాళ్లం.”

ముమ్మో కిసుక్కున నవ్వింది. స్ట్రోక్ తర్వాత ఆమె నవ్వు ఒక పక్కకి వంగుతుంది. ఆ వంకర నవ్వు కోసమే హిల్లా శనివారం దాకా ఎదురుచూస్తుంది.

అమ్మ ఒక్కొక్కటే తీసేసింది. ముందు కారు తాళం. తర్వాత ఉప్పు చేప. ఆవిరి స్నానపు గది సానాలో వేడి ఎక్కువ పెట్టుకోవడం. ఇప్పుడు బ్రష్. ఇక ముమ్మోకి మిగిలిందేమిటి? ‘ముమ్మో తిండిలో ఉప్పు వెయ్యకు’ అని అమ్మ చెప్పిన మాట హిల్లాకి గుర్తుంది. మిఠాయి తిండి కాదుగా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ముమ్మో పక్షాన ఎవరో ఒకరు ఉండాలి కదా!

* * *

సోమవారం హెల్త్ సెంటర్‌కి వెళ్లారు. బడికి సెలవులు కాబట్టి హిల్లా కూడా వెళ్లింది.

నర్సు పేరు రీక్కా. ముమ్మో చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. మిషన్ బుస్సుమంది. రీక్కా నుదురు ముడుచుకుంది. కాసేపాగి మళ్లీ చూసింది.

“ఇంకా ఎక్కువే ఉంది సాతు,” అంది అమ్మతో. “వసంతం నుంచి రెండుసార్లు మందు పెంచాం. ఈపాటికి దిగాలి. ఆవిడ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?”

“వేసుకున్నానంటుంది. నాకైతే అనుమానంగానే ఉంది. కడిగిన తివాచీనే మళ్లీ కడుగుతోంది. మాత్రలు మాత్రం గుర్తుంటాయా?”

“వేసు... కుంటున్నా,” అంది ముమ్మో.

ఆ మాట పూర్తయ్యేలోపే వాళ్లు తర్వాతి సంగతికి వెళ్లిపోయారు.

“మాత్రలు నా దగ్గరే ఉంచుకుంటాను,” అంది అమ్మ. ముమ్మో సంచిలోంచి మాత్రల డబ్బా తీసి తన సంచిలో వేసుకుంది.

“అది మంచిదే. అయితే మాత్రలే మర్చిపోతుంటే, ఇంట్లో ఒంటరిగా ఉండటం గురించి కూడా ఆలోచించాలి. పొయ్యి ఉంది, మెట్లున్నాయి. వృద్ధుల నివాసంలో గది ఖాళీగా ఉందేమో కనుక్కుందాం.”

ఆ నివాసం హిల్లా చూసింది. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ పడతాయి. మగ్గం పట్టదు.

“ముమ్మో మాత్రలు వేసుకుంటుంది! నేను చూశాను!” అని అరిచింది.

“హిల్లా, పెద్దవాళ్లం మాట్లాడుతున్నాం.”

“ముమ్మో కూడా పెద్దదేగా! ఆవిణ్ని మాట్లాడనివ్వరేం?”

“హిల్లా!”

రీక్కా కంప్యూటర్‌లో ఏదో చూస్తూ అడిగింది. “ఇంకొక్క ప్రశ్న. ఆవిడ సల్మియాక్కి గాని, అతిమధురం ఉన్న ఇంకేదైనా గాని తింటారా?”

“లేదు లేదు,” అంది అమ్మ. “ఇంట్లోనే లేదు.”

“సరే. ఒక్కోసారి మాత్రలు పనిచెయ్యకపోవడానికి అదే కారణమవుతుంది. అందుకని అడిగాను.”

హిల్లా చెవులు వేడెక్కాయి. ముమ్మో వైపు చూసింది.

ముమ్మో కిటికీలోంచి బయటికి చూస్తోంది. పెదాలు గట్టిగా బిగించుకుంది. ఆమె ఏదీ మర్చిపోలేదు. శనివారాలు గుర్తున్నాయి. నల్ల బిళ్లలూ గుర్తున్నాయి. ఒక్క మాట అంటే చాలు, మాత్రల డబ్బా తిరిగి ఆమె సంచిలోకి వచ్చేస్తుంది. కానీ ఆ మాట అంటే హిల్లా దొరికిపోతుంది.

మతిమరుపు మనిషి అనిపించుకోవడానికైనా సిద్ధపడింది గాని, ముమ్మో హిల్లా పేరు చెప్పడం లేదు.

నోరు మూసుకుంటే హిల్లాకేమీ కాదు. ముమ్మో ఇల్లు మాత్రం పోతుంది.

“తింటుంది,” అంది. గొంతు పీలగా వచ్చింది. అందుకని మళ్లీ, ఈసారి గట్టిగా అంది. “ముమ్మో సల్మియాక్కి తింటుంది. నేనే ఇస్తున్నాను. నా శనివారం పొట్లంలోంచి. శనివారమే అన్నీ తినెయ్యదు. వారమంతా దాచుకుని తింటుంది.”



“నోరు... జారావు,” అంది ముమ్మో హిల్లాతో, మెల్లిగా.

అమ్మ ముఖం ఎర్రబడింది. “ఎన్నాళ్ల నుంచి? నాకు తెలీకుండా? ఆవిడకి మళ్లీ స్ట్రోక్ వస్తే ఏమయ్యేది?”

“నాకేం తెలుసు! ఉప్పు వద్దన్నావు గాని ఎందుకో చెప్పావా?” హిల్లా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా తల దించలేదు. “నాది తప్పే. నన్ను తిట్టు. ముమ్మో తప్పు మాత్రం కాదు. ఆవిడ మాత్రలు మర్చిపోలేదు. నిజమే చెప్పింది. మీరే వినలేదు!”



హిల్లా నర్సు వైపు తిరిగింది. “ఎందుకు తినకూడదో ముమ్మోకి చెప్పండి. అమ్మకి కాదు. ముమ్మోకి.”

రీక్కా కొంచెం తడబడింది. తర్వాత కుర్చీ జరుపుకుని ముమ్మోకి ఎదురుగా కూర్చుంది.

“ఎల్వీగారూ, మెదడు నిండా రక్తనాళాలుంటాయి. కొన్ని పెద్దవి. చాలావాటికి వెంట్రుకంత లావు కూడా ఉండదు. ఫిబ్రవరిలో మీకు పెద్దదొకటి మూసుకుపోయింది. చెయ్యి పడిపోయింది కాబట్టి అందరికీ తెలిసింది. కానీ బీపీ ఎక్కువగా ఉంటే ఆ సన్నవి కూడా ఒక్కొక్కటే పాడైపోతాయి. నొప్పి ఉండదు. ఎవరికీ తెలీదు. ఒకరోజు మాట దొరకదు. ఇంకోరోజు ఏ పని తర్వాత ఏ పనో తోచదు.”

ముమ్మో కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

“అతిమధురం ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది. బీపీ పెంచుతుంది. మీరు వేసుకునే మాత్రలు కిందికి లాగుతుంటే, ఆ నల్ల బిళ్లలు పైకి ఎగదోస్తున్నాయన్నమాట.”

“అయితే... పోయింది... మళ్లీ...”

“తిరిగి వస్తుందా అని అడుగుతోంది,” అంది అమ్మ.

“అమ్మా!” హిల్లా అమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

అందరూ ఆగారు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. ముమ్మో ఊపిరి పీల్చుకుంది.

“...మళ్లీ నేయ... నేయొచ్చా?”

అమ్మ తెల్లబోయింది. ముమ్మో అడగాలనుకున్నది అమ్మ చెప్పింది కాదు మరి.

“నేయొచ్చు,” అంది రీక్కా. “పోయినవన్నీ తిరిగి వస్తాయని చెప్పలేను. ఉన్నవాటిని మాత్రం కాపాడుకోవచ్చు. బీపీ దింపాలి, నడవాలి, చేతికీ బుర్రకీ పని చెప్పాలి. మగ్గం అందుకు చాలా మంచిది. ముందు ఆ బిళ్లలు మానేసి చూద్దాం. కొన్ని వారాలు పడుతుంది. ఆ తర్వాతే నివాసంలో గది సంగతి.”

ముమ్మో వేలు చూపించింది. ముందు నర్సు వైపు, తర్వాత అమ్మ వైపు.

“ఇదంతా... నాకు ముందే చెప్పాలి. మెదడు... నాది.”

అమ్మ తన సంచిలోంచి మాత్రల డబ్బా తీసి ముమ్మో ఒళ్లో పెట్టింది.

“తప్పయింది అమ్మా,” అంది.

ముమ్మో డబ్బాని సంచిలో వేసుకుని, జిప్పు గట్టిగా లాగింది.

* * *

మానడం తేలికేమీ కాలేదు. బుధవారం ముమ్మో హిల్లా జాకెట్టు జేబులు తడిమింది. శుక్రవారం అలిగి, కాఫీ తాగకుండా కూర్చుంది.

శనివారం ఇద్దరూ పడవల రేవు పక్కనున్న కియోస్కుకి నడిచి వెళ్లారు. కొట్టతను తౌనో గరిటె తీశాడు. కిటికీ నిండా రంగురంగుల మిఠాయి డబ్బాలు. వెనక జనం బారుగా నిలబడ్డారు.

“ఎప్పటిలాగే నల్లవి ఎక్కువేనా?” అన్నాడు తౌనో.

ముమ్మో హిల్లా మోచేతిని గిల్లింది. “నాలుగు. నాలుగే. ఎవరికీ... తెలీదు.”

హిల్లాకి ఆ ఒకపక్క నవ్వు గుర్తొచ్చింది. ఇవ్వాలనిపించింది. చాలా అనిపించింది.

“వద్దు తౌనో!” అంది, బారులో చివరి మనిషికి కూడా వినపడేలా. “మా ముమ్మోకి బీపీ ఉంది. నల్లవి తినకూడదు. నేను లేనప్పుడు వచ్చి అడిగినా ఇవ్వకండి!”

బారులో వాళ్లంతా తొంగి చూశారు. ముమ్మో మెడ దాకా ఎర్రబడింది.

“ఊరంతా... చాటావు. సిగ్గు లేదూ?”

“లేదు.”

“నా పక్షం... అనుకున్నా.”

“నీ పక్షమే. అందుకే చాటాను.”

ముమ్మో ఆమె వైపు గుర్రుగా చూసింది. ఆ చూపుకి పాతరోజుల్లో అమ్మే భయపడేదట. హిల్లా అక్కడే నిలబడింది.

చివరికి ముమ్మో కిటికీ వైపు తిరిగి డబ్బాల మీద కళ్లు తిప్పింది. “అయితే... నాకు... ఆ...”

మాట దొరకలేదు. వేలు గాల్లో ఆగిపోయింది.

“కొంచెం తొందరగా కానివ్వమ్మా,” అన్నాడు వెనకున్న టోపీ ఆయన హిల్లాతో. “పడవ వెళ్లిపోతుంది. ఏదో ఒకటి నువ్వే చెప్పెయ్యరాదూ?”

హిల్లాకి నాలుక చివరిదాకా వచ్చింది. నిమ్మ బిళ్లలు అయ్యుంటాయి. లేదా పుదీనావి. చెప్పేస్తే క్షణంలో అయిపోతుంది.

ఆమె వెనక్కి తిరిగింది. నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, బారుకి అడ్డంగా నిలబడింది.

“మా ముమ్మో ఎంచుకుంటోంది,” అంది. “ఆగండి.”

టోపీ ఆయన పడవ వైపు చూశాడు. హిల్లా వైపు చూశాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

“ఆ పచ్చవి,” అంది ముమ్మో. “కాదు. వాటి... పక్కవి.”

తౌనో ఒక డబ్బా మీద గరిటె పెట్టాడు.

“అది... కాదు.”

హిల్లా కదల్లేదు.