వెంకయ్య గారూ, లైన్లో ఉన్నారా?

"ఇవాళ ఒకటో తారీఖు. ఇవాళ కూడా మీ నాన్న దగ్గుతాడేమోనే, నాకు భయంగా ఉంది," అంది శివపార్వతి.

పొయ్యి మీద పాలు ఇంకా పొంగలేదు. ఇంటి కారానికని తెచ్చిన ఎండుమిరపకాయల బస్తా అరుగు మీద మూతి విప్పకుండానే ఉంది. పళ్లు తోముకుంటున్న కూతురు శ్రీదివ్య చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"పోయిన మనిషి ఎలా దగ్గుతాడమ్మా? పక్కింటివాళ్లెవరో అయ్యుంటారు," అంది తల్లి వంక చూడకుండా.

"ముప్పై ఏళ్లు విన్న దగ్గు నాకు తెలీదా? మిరప ఘాటు తగిలితే రెండుసార్లు దగ్గి, మూడోది గొంతులోనే ఆపుకుంటాడు. పోయిన ఒకటినా అంతే. అంతకుముందు ఒకటినా అంతే. సరిగ్గా పదింటికి."

"అన్నీ నీ భయాలే."

శివపార్వతికి భయాలు ఎక్కువే. ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటుంది. మోగకపోతే అంతకంటే పెద్దదేదో జరిగి తనకు చెప్పడం లేదనుకుంటుంది. ఏడో తరగతిలో బడి మానేసిన తనకి లోకం సంగతులు తెలియవని, తెలియనివాళ్ల మీదికే అన్నీ వచ్చి పడతాయని ఆమె నమ్మకం. కానీ ఈ భయం వేరు. శ్రావణంలో వెంకయ్య చేను గట్టు మీద గుండె ఆగి పడిపోయాడు. చేయవలసినవన్నీ చేశారు. అమరావతి వెళ్లి కృష్ణలో అస్థికలు కలిపారు. ఎక్కడ లోపం జరిగిందో, ఆయన దేనికోసం తిరిగొస్తున్నాడో ఆమెకు అంతుపట్టడం లేదు.

ఒక్క అనుమానం మాత్రం ఉంది. డబ్బు.

"పోనీ, ఆ డబ్బు సంగతన్నా చెప్పు. ఉగాదిలోపు కౌలు కట్టకపోతే చేను వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. మీ నాన్న చివరి కాపు డబ్బు మూడు లక్షలు ఆ కార్డులో పెట్టించావు. ఉందా, పోయిందా?"

"ఉంది. ఇప్పుడు తీయలేం."

"ఎందుకు తీయలేం?"

"పదింటికి మీటింగుందమ్మా," అంటూ శ్రీదివ్య లోపలికి వెళ్లిపోయింది.

అది మామూలు బ్యాంకు కార్డు కాదు. శ్రీదివ్య ఇంట్లోనే కూర్చుని విదేశీ కంపెనీలకు వెబ్‌సైట్లు చేస్తుంది. వాళ్లు జీతం క్రిప్టో నాణేల్లో ఇస్తారు. ఆ నాణేలను రూపాయల్లా ఖర్చు పెట్టుకునే కార్డొకటి ఉందని, గీకిన ప్రతిసారీ నూటికి ఐదు వెనక్కి వస్తాయని పోయిన ఏడాది తండ్రికి చెప్పింది. అయితే ఆ ఐదు రావాలంటే, కార్డు కంపెనీవాళ్ల నాణేలు కొని ఆరు నెలలు కదపకుండా ఉంచాలి.

వెంకయ్య కళ్లంలో కాయలు ఎగదోస్తూనే, మిర్చి యార్డులో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఐదు సంగతి తర్వాత. ముందు తరుగు చెప్పు. కమీషనెంత, హమాలీ ఎంత?"

"నాణెం మారిస్తే నూటికి రెండు. చేతికి నగదు తీసుకుంటే ఇంకో రెండు. నెలకి కార్డు రుసుము మూడొందలు. పన్ను వేరే."

"ఐదిచ్చి నాలుగు పట్టుకుంటారన్నమాట. పోనీ, ఆ ఐదన్నా రూపాయల్లో ఇస్తారా?"

"వాళ్ల నాణేల్లోనే ఇస్తారు నాన్నా."

"కాయలమ్మితే కాయలే చేతిలో పెట్టినట్టు!" అని పగలబడి నవ్వాడు.

నవ్వి కూడా డబ్బు పెట్టాడు. సరుకు కోల్డ్ స్టోరేజీలో వేసి రేటు కోసం చూడటం ఆయనకు అలవాటు. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. "ఏసీలో ఉన్న కాయకి రంగు పోదు గదే," అన్నాడు. సరుకు దాచినందుకు స్టోరేజీవాళ్లిచ్చే బాండు రైతు పేరునే ఉన్నట్టు, కార్డు కూడా తన పేరునే తీసుకున్నాడు. నామినీగా భార్య పేరు రాయించాడు.

తొమ్మిదిన్నరకు కరీమున్ వచ్చింది. ఏటా కారం కొట్టించే ముందు తొడిమలు తీయడానికి ఆమే వస్తుంది.

"కాయ నిగనిగలాడుతోందక్కా! ఈ కారం ఒక్క ముద్ద తింటే మా ఆయన రెండ్రోజులు నోరెత్తడు."

"ఆ పుణ్యం కోసమైనా ఓ కిలో పట్టుకెళ్లు," అంది శివపార్వతి. నవ్వింది గాని, కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి.

పది కొట్టింది. వీధిలో ట్రాక్టరేదో దూరంగా వెళ్లిపోయాక ఇల్లంతా నిశ్శబ్దమైంది.

లోపలి నుంచి దగ్గు వినపడింది. ఒకటి. రెండు. మూడోది గొంతులోనే ఆగింది.

కరీమున్ చేతిలోని కాయ జారి పడింది. "అక్కా... అది అన్నయ్య గదా?"

"నీకూ వినపడిందా?"

"యా అల్లా!" కరీమున్ ఒళ్లోని తొడిమలు దులపకుండానే లేచింది. చెప్పులు తొడుక్కోకుండా వీధిలోకి నడిచింది.

శివపార్వతికీ పారిపోవాలనే ఉంది. కానీ కూతురు లోపలే ఉంది. గోడ పట్టుకుని గది తలుపు దాకా వెళ్లింది. లోపల మొగుడి గొంతు, కాస్త బొంగురుగా, బతికున్నప్పటి గొంతే.

"నేనే, వెంకయ్యని. ఇక్కడే ఉన్నాను."

వెంటనే ఎవరో ఆడమనిషి, హెచ్చూ తగ్గూ లేని తీయటి గొంతుతో పలికింది. "ధన్యవాదాలు, వెంకయ్య గారూ. మీరు ఉన్నారని నిర్ధారించుకున్నాం."

శివపార్వతి తలుపు తోసింది. మంచం మీద శ్రీదివ్య ఒక్కతే ఉంది. ఒక చేతిలో తండ్రి ఫోన్, రెండో చేతిలో తన ఫోన్, ఒకదాని నోటికి ఒకటి ఆనించి ఉన్నాయి.

"ఏం చేస్తున్నావే? పోయిన మనిషి చేత మాట్లాడిస్తున్నావా?"

"రికార్డింగమ్మా. ఎక్కువ నాణేలు దాచినవాళ్లకి కంపెనీ మిషన్ ప్రతి నెలా ఒకటిన ఫోన్ చేసి, గొంతు విని, కార్డు మనిషి ఉన్నాడని చూసుకుంటుంది. చేలో సిగ్నల్ అందదని నాన్న కళ్లంలో కూర్చుని ముందే రికార్డు చేసిచ్చాడు. ఘాటుకి దగ్గొచ్చింది. అదే ఇది."

"నేను ఆయన ఆత్మకి శాంతి లేదనుకుని చస్తున్నాను! ఇన్ని నెలలు నన్ను పిచ్చిదాన్ని చేశావు. రేపు పోలీసులొచ్చి, పోయినవాణ్ణి బతికున్నట్టు చూపించావని నిన్ను పట్టుకుపోతే నేనెక్కడ చావను? నూటికి ఐదు రూపాయల కోసమా ఇదంతా?"

"ఐదెక్కడిది? వాళ్ల నాణెం రేటు సగానికి పడింది. ఆరు నెలల గడువు దసరాకే అయిపోయింది. వచ్చేదానికంటే రుసుముల కింద పోయేదే ఎక్కువ."

"తెలిసీ ఉంచావా? కౌలు డబ్బులే అవి!"

"ఇప్పుడు తీసినా సగమే వస్తుంది. అదైనా నామినీగా నీకు రావాలంటే, నాన్న లేడని వాళ్లకి చెప్పాలి."

"చెప్పొచ్చుగా!"

"చాలాసార్లు ఫోన్ చేశానమ్మా. నోరు రాలేదు." శ్రీదివ్య తండ్రి ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. "రేషన్ కార్డులో పేరు తీసేశారు. ఊళ్లో అందరూ ఆయన లేడనే అంటున్నారు. నెలకోసారి ఆ మిషనొక్కటే 'మీరు ఉన్నారు' అంటోంది."

కొట్టడానికి ఎత్తిన చెయ్యి శివపార్వతి ఎప్పుడు దించిందో ఆమెకే తెలియదు. భయం, భయం అంటూనే ప్రతి ఒకటో తారీఖున పదయ్యేసరికి మిక్సీ ఆపి, కుక్కరు దించి, ఫ్యాను కట్టేసి తను చెవి ఒగ్గి కూర్చున్నది గుర్తొచ్చింది. దగ్గు వినపడని రోజున ఏమైపోయేదో.

కూతురి పక్కన కూర్చుని తల ఒళ్లోకి లాక్కుంది. చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు.

"ఫోన్ చెయ్యి," అంది చివరికి. "నేనున్నాగా."

ఈసారి పలికింది మిషన్ కాదు, ఎవరో పిల్ల.

"కార్డు... కార్డు మూసేయాలండి," అంది శ్రీదివ్య.

"ఖాతాదారుతోనే మాట్లాడాలి మేడం. వెంకయ్య గారు లైన్లో ఉన్నారా?"

అలవాటు పడిన శ్రీదివ్య వేలు తనంతట తనే రికార్డింగు మీద పడింది. దగ్గు. "నేనే, వెంకయ్యని. ఇక్కడే ఉన్నాను."

"కార్డు మూయడానికి ఒప్పుకుంటున్నారా సార్?"

దానికి వెంకయ్య దగ్గర జవాబు లేదు. శ్రీదివ్య మళ్లీ నొక్కింది.

"నేనే, వెంకయ్యని. ఇక్కడే ఉన్నాను."

"సార్, మీరు ఒప్పుకుంటున్నారా?"

మూడోసారి నొక్కబోతున్న వేలిని శివపార్వతి పట్టుకుంది. బయట అరుగు మీద గాలికి ఎండుకాయలు గలగలమన్నాయి. ఆ గలగల ఆగిపోయింది. ఫోన్లో అవతలి పిల్ల ఊపిరి కూడా వినపడుతోంది.

"హలో... వెంకయ్య గారూ, లైన్లో ఉన్నారా?"

శివపార్వతి కూతురి తల మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో ఫోన్ అందుకుంది.

"లేరమ్మా," అంది. "ఆయన లేరు. నేను ఆయన భార్యని, శివపార్వతిని మాట్లాడుతున్నాను."