ఐదో టార్గెట్ వెనక

కట్ట జారుతోంది!

ఆమె ఇసుక బస్తాను ఈడ్చుకుంటూ పరుగెడుతోంది. దాన్ని పరుగు అనడం కూడా తప్పే. మోకాలి లోతు బురద. ఒక కాలు పైకి లాగితే రెండోది దిగబడుతోంది.

చీకటి పడింది. కరెంటు లేదు. నుదుటికి కట్టుకున్న లైటు ఒక్కటే దిక్కు.

పొద్దున కాలువ తెగింది. మధ్యాహ్నానికల్లా షూటింగ్ రేంజ్ చెరువైపోయింది. ఇప్పుడు నీళ్లు మట్టికట్టను కొరుక్కు తింటున్నాయి. టార్గెట్ల వెనక ఇంటి ఎత్తున నిలబడి, వచ్చిన ప్రతి తూటానూ మింగేసే కట్ట అది. అది పోతే రేంజ్ లేదు. రేంజ్ బాగోగులు చూసే ఆమె ఉద్యోగమూ లేదు.

భుజాన వాకీటాకీ గరగరమంటుంది.

"అమ్మాయ్, ఇంకా అక్కడే ఉన్నావా?"

మాస్టారు. రేంజ్ కోచ్. యాభై మీటర్ల అవతల, షూటర్లు నిలబడే షెడ్డులో ఉన్నారు. నాన్న పోయాక ఆమెకూ తమ్ముడికీ రైఫిల్ పట్టడం నేర్పింది ఆయనే. జ్వరమొస్తే భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తిందీ ఆయనే.

"ఐదో టార్గెట్ వెనక కట్ట జారుతోంది మాస్టారూ. ఇంకొన్ని బస్తాలు పడితే ఆగుతుంది."

"పోతే పోనీవే. ప్రాణం కంటే కట్ట ఎక్కువా? వాన వెలిశాక కొత్తది పోయించుకుందాం. వచ్చెయ్."

పొద్దున్నుంచీ ఇదే పాట. పాపం, తన మీద బెంగ అనుకుంటుంది ఆమె.

బస్తా దించుతుంది. వరసలో పేరుస్తుంది. ఇప్పటికి నడుము ఎత్తు లేచింది వరస.

అంతలో...

కట్టలోంచి ఒక పెద్ద పెళ్ల విరిగి కాళ్ల ముందు పడుతుంది!

బురదలో బూటు.

ఖాళీ బూటు కాదు.

ఆమె వంగుతుంది. చేతులతో బురద తోస్తుంది. నీలం జాకెట్. మోచేతి దగ్గర అతుకు... ఆ అతుకు వేసింది ఆమే. "అక్కా, నీ కుట్టు పాము పాకినట్టుంది" అని వారం రోజులు ఏడిపించాడు.

తమ్ముడు!



రెండు వానాకాలాల కిందట మాయమయ్యాడు. వాడితోపాటు తూటాను గొట్టంలోకి తోసే ఇనుప కడ్డీ, వాడి రైఫిల్ బోల్ట్ కూడా. అది లేకపోతే రైఫిల్ ఉత్త కట్టెపుల్ల. బోల్ట్ కొట్టేసి పారిపోయాడన్నారు. నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు.  అమ్మ మాత్రం ఆ రోజు నుంచి వీధి తలుపుకి గడియ పెట్టడం మానేసింది. రాత్రిపూట వస్తే తలుపు కొట్టడానికి మొహమాటపడతాడట. గాలికి తలుపు కదిలినా లేచి కూర్చుంటుంది పిచ్చితల్లి.

ఆమె జాకెట్ జేబు తడుముతుంది.

చల్లగా తగులుతుంది ఇనుము.

బోల్ట్!

ఈ రేంజ్‌లో రెండు కట్టుబాట్లు. టార్గెట్ల వైపు నడిచేవాళ్లు తమ రైఫిల్ బోల్ట్ ఊడదీసి జేబులో వేసుకోవాలి. ఆ తర్వాత "ముందుకెళ్తున్నా" అని కేకేయాలి. వెనకున్నవాళ్లు తుపాకులన్నీ చూసి "ఖాళీ" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా అడుగు కదపకూడదు. మాస్టారు పెట్టినవే రెండూ.

తమ్ముడికి అది ఒంటబట్టేసింది. ఇంట్లో వంటగదిలోకి వెళ్లాలన్నా "ముందుకెళ్తున్నా!" అని అరిచేవాడు. పొయ్యి దగ్గర నుంచి అమ్మ "ఖాళీరా, తగలడు" అనేది.

వాడు దొంగ కాదు. బోల్ట్ జేబులో వేసుకుని, పద్ధతిగా టార్గెట్ మార్చడానికి వచ్చాడు.

జాకెట్ వీపున చిన్న చిల్లు ఉంది.

ఆమె షెడ్డుకి వీపు పెట్టి, అటు చూడకుండా ఫోన్ తీస్తుంది. పోలీసు ఇన్‌స్పెక్టర్ వెంటనే ఎత్తుతాడు. రెండు ముక్కల్లో చెబుతుంది.

"వంతెన మీద నీళ్లున్నాయి, జీపు రాదు," అంటాడు ఇన్‌స్పెక్టర్. "నడిచి వస్తాం. అప్పటిదాకా ఎవరితోనూ అనకు."

ఫోన్ లోపల పెట్టిందో లేదో వాకీటాకీ గరగరమంటుంది.

"ఏంటమ్మా, లైటు కదలట్లేదు?"

ఏదో ఒకటి చెప్పాలి. అబద్ధం చెప్పాలి. కానీ ఇంతకాలం ఆ గొంతుకి అబద్ధం చెప్పిన అలవాటు లేదు.

"తమ్ముడు దొరికాడు మాస్టారూ."

వాన చప్పుడు.

అందులో ఏడుపు. మాస్టారు ఏడుస్తున్నారు.

"నేనే తల్లీ. నా చేతుల్తోనే. ఆ పొద్దున మంచు. ఏమీ కనపడలేదు. వాడు కేకెయ్యకుండా వెళ్లాడు. నేను రైఫిల్ సరిచూసుకుంటూ ఒక్కటి పేల్చాను. భయపడిపోయాను. మీ అమ్మ మొహం ఎలా చూడను చెప్పు?"

చూశారు. ప్రతి ఆదివారం చూశారు. అమ్మ కొసరి వడ్డిస్తే తిన్నారు. "ఎక్కడున్నా చల్లగానే ఉంటాడు వదినా" అని చేయి కడుక్కున్నారు.

అయినా ఆమెకు నమ్మాలనే ఉంది. పొరపాటైతే చాలు. పొరపాటుకి ఏడవొచ్చు, ఎన్నేళ్లకో క్షమించొచ్చు. ఉన్న ఒక్క పెద్ద దిక్కూ మిగులుతుంది.

అరచేతిలో బోల్ట్ బరువుగా ఉంది.

వంటింటి గడప దగ్గర కూడా కేకేసేవాడు... ఇక్కడ కేకెయ్యకుండా వెళ్లాడా?

ఆ వారమే అన్నాడు తమ్ముడు. "అక్కా, స్టోర్‌లోంచి తూటాల పెట్టెలు ఎటో పోతున్నాయి. రేపు మాస్టారికి చెప్తా."

చెప్పాడన్నమాట.

"కట్ట పోతే పోనీ" అన్న మాట ఇప్పుడు అర్థమవుతోంది. కట్ట పోవాలి. దానితోపాటు వాడూ ఆనవాలు లేకుండా కొట్టుకుపోవాలి. కంచే చేను మేసింది.

కాదేమో! ఇంకా మనసు ఒప్పుకోదు.

ఆమె వాన కోటు విప్పుతుంది. ఐదో టార్గెట్ చట్రానికి తొడుగుతుంది. నుదుటి లైటు తీసి పైన కడుతుంది. కాంతి సూటిగా షెడ్డు కళ్లలోకి. అవతల నుంచి చూస్తే లైటూ కోటూ తప్ప ఇంకేమీ కనపడదు.

ఇసుక బస్తాల వెనక బురదలో బోర్లా పడుకుంటుంది. పక్కనే తమ్ముడు. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకున్నట్టు.

వాకీటాకీ నొక్కుతుంది.

"మాస్టారూ, వాణ్ణి బయటికి తీస్తాను. ముందుకెళ్తున్నా."

ఆయన ఖాళీ అనాలి. అని ఊరుకోవాలి. దేవుడా, అంతకంటే ఏమీ వద్దు.

వాకీటాకీలో ఊపిరి వినిపిస్తుంది.

"ఖాళీ తల్లీ."

ఎంత మెత్తగా అంటారో!

ఢాం!

కోటు ఎగిరిపడుతుంది. సరిగ్గా గుండె ఉండే చోట చిల్లు. ఏనాడూ గురి తప్పని చెయ్యి అది.

ఆమె పిడికిలి కొరుక్కుంటుంది. తమ్ముడు చివరిగా విన్నదీ ఇదే మాట. ఇదే గొంతు. ఇంతే మెత్తగా.

షెడ్డు వెనక విజిల్! టార్చిలైట్లు! బురదలో బరువైన అడుగులు.

"తుపాకి కింద పెట్టు!" ఇన్‌స్పెక్టర్ గొంతు.

రైఫిల్ సిమెంటు నేల మీద పడిన చప్పుడు. వాడు మళ్లీ ఏడుపు మొదలుపెడతాడు. ఆమె అటు చూడదు. ఇక ఆ మనిషిని చూడాల్సిన పని లేదు.

వాన తగ్గుతోంది. బస్తాల వరస కదల్లేదు. కట్ట నిలిచింది.

ఫోన్ తీసి అమ్మకు చేస్తుంది.

"ఎక్కడున్నావే ఇంత వానలో? ఏమన్నా తిన్నావా?"

"వస్తున్నానమ్మా. ఇవాళ తలుపుకి గడియ పెట్టుకుని పడుకో."

"గడియా? వాడొస్తేనో?"

ఆమె తమ్ముడి జాకెట్ మీది బురదను చేత్తో తుడుస్తుంది. మోచేతి అతుకు దగ్గర చెయ్యి ఆగుతుంది.

"వాణ్ణి నేను తీసుకొస్తున్నానమ్మా."



ఫోన్లో చెప్పులు లేని కాళ్లు వీధి గది దాకా నడిచిన చప్పుడు.

గడియ పడిన చప్పుడు.