రెండు మోకాళ్ళ ఎర్రమట్టి

డాక్టర్ అంజోరిన్ డిటెక్టివ్ ఆఫీసు కుర్చీలో కూర్చోగానే ఏడ్చింది. నైజీరియాలోని ఇబాదాన్ నగరంలో ఆమె ఏడవగా చూసినవాళ్ళెవరూ ఉండరని సహాయకుడు రొపో అనుకున్నాడు.

"అబేనికి ఇరవై ఆరేళ్ళు. సికిల్ సెల్ జబ్బు తుంటి ఎముకను తినేసింది. కొత్త కీలు వేశాను. చక్కగా నడిచింది. మొన్న నిశ్చితార్థం పొద్దున కీలు జారింది. స్నానాలగదిలో పడ్డానంటోంది. నేను నకిలీ సరుకు వేశానని వాళ్ళ మేనత్త బజారంతా చాటింది. ఆపరేషన్‌కి రావలసిన పిల్లలందరూ మానేస్తున్నారు."

డిటెక్టివ్ ఫాదిపె ఓదార్చలేదు.

"కీలు విరిగిందా?"

"గీత కూడా పడలేదు. వెనక్కి జారింది, అంతే. మళ్ళీ సరిచేశాను."

"తీసుకొచ్చినప్పుడు ఒంటిమీద గుడ్డ?"

"పొడిగా ఉంది. రెండు మోకాళ్ళ దగ్గరా ఎర్రమట్టి."

అబేని ఇంట్లో అంతటా సిమెంటు. మేనత్త మోజిరోల గది ముందు మాత్రం ఎర్రమట్టి నేల. ఫాదిపె అందరినీ అక్కడికే పిలిచాడు. అబేనిని మంచంతోనే మోసుకొచ్చారు.

"జారిపడితే ఒక పక్కకి పడతారు, తడుస్తారు. ఈ పిల్ల తడవలేదు. రెండు మోకాళ్ళకీ సమానంగా మట్టి. మోకాళ్ళ మీద కూర్చుని నేలకు వంగితేనే ఆ కీలు అలా జారుతుంది. మోజిరోలమ్మగారూ, ఆ పొద్దున అబేని మీకు నిలబడి దణ్ణం పెట్టిందా?"

"పెట్టింది, స్తంభంలాగా! నా అన్న కూతురు నా ముందు నిలబడ్డమేంటి? మా ఆచారం ప్రకారం మోకరిల్లమన్నాను. లేకపోతే అత్తారు మా పెంపకాన్ని తిట్టరూ?"

"డాక్టరమ్మ వంగొద్దంది కదా?"

"ఆవిడ వయసెంత, నా వయసెంత?"

మంచం మీంచి అబేని తండ్రి వైపు చూస్తూ నెమ్మదిగా అంది, "అత్త పరువు పోతుందని చెప్పలేదు, నాన్నా."

మోజిరోల గొంతు తగ్గింది. "కావాలని చేశానా?"

"లేదు," అన్నాడు ఫాదిపె. "కాని తప్పు మీదని తెలిసే డాక్టరమ్మ పేరు చెప్పారు. కీలు ఆమె సరిచేసింది. ఆమె పేరు మీరు సరిచెయ్యండి. అరిచిన చోటే, అంత గట్టిగానూ."

ఆగిన నిశ్చితార్థం మళ్ళీ జరిగిన రోజుకి మోజిరోల గొంతు బొంగురుపోయింది. తప్పు తనదేనని బజారంతా అరిచి వచ్చింది మరి. అయినా అబేని ఆమెతో మాట్లాడలేదు.

పెళ్ళివారి ముందుకు అబేని నిటారుగా నడిచి వచ్చి, నిలబడింది. అందరూ ఆమె మోకాళ్ళకేసి చూశారు. పెళ్ళికొడుకు నాయనమ్మ కుర్చీలోంచి లేచింది.

"చూస్తారేం? పిల్ల వంగకూడదు. మనకి లేవడం రాదా?"

పెద్దావిడ లేచాక ఎవరు కూర్చుంటారు? వరసలన్నీ లేచాయి. వెనక వరసలో డాక్టర్ అంజోరిన్ కళ్ళు తుడుచుకుంది.

"మీరూ లేచారేం?" రొపో గుసగుసగా అడిగాడు.

"కూర్చుంటే కనబడదు," అన్నాడు ఫాదిపె.